తెల్లబడిన పొరలు

"ఆయన ఏమన్నారో మళ్లీ చెప్పు. నీ మాటల్లో కాదు, ఆయన మాటల్లో" అన్నాను.

"'ఆరిపోయింది' అన్నారండీ."

"ఒక్కసారేనా?"

"రెండుసార్లండీ. ముందు 'ఆరిపోయింది' అన్నారు. కాస్త ఆగి 'ఆరిపోయిందమ్మా' అన్నారు. నేను 'సరేనండీ' అని, కొక్కెం తీసి తలుపు వేసేశాను."

ఈ నాలుగు ముక్కలూ ఆ పిల్ల రెండు రోజులుగా పోలీసులకు చెబుతూనే ఉంది. చెప్పిన ప్రతిసారీ అవి ఆమె మెడకే చుట్టుకుంటున్నాయి. ఆమెను అక్కడ అందరూ పొరలమ్మాయి అంటారు. పొరలు పోయడం ఆమె పని. పండ్ల తొక్కల్లోంచి తీసిన పెక్టిన్ అనే జిగురును నీళ్లలో కరిగించి, అద్దపు పలకల మీద పలచగా పోస్తుంది. అది ఆరితే ఉల్లిపొర లాంటి పొర వస్తుంది. అందులో మందు కలిపి గోరంత ముక్కలుగా కోస్తారు. మాత్ర మింగలేని చంటిపిల్లల నాలుక మీద పెడితే కరిగిపోతుంది. ఇంత మెత్తని వస్తువు తయారుచేసే చోట ఒక మనిషి గాలాడక చచ్చిపోయాడు.

చచ్చిపోయినాయన ఈ కార్ఖానా పెట్టిన మనిషి. పెద్ద సారు అనేవారు. ఆయన్ను గదిలో పెట్టి చంపిందన్న నేరం మీద పొరలమ్మాయిని ఆ సాయంత్రమే కోర్టుకు పంపబోతున్నారు. నన్ను పిలిపించింది ఆమె అత్తగారు. "మా కోడలు చీమ కనబడితే అడుగు పక్కకేసే మనిషి తల్లీ" అని గేటు దగ్గర నా రెండు చేతులూ పట్టుకుంది. అత్తగారే వచ్చి కోడలి మంచితనం గురించి చెబితే నమ్మకుండా ఉండటం నా వల్ల కాదు.

"అయిందా వదినా? ఇంక ఏమన్నా మిగిలిందా?" అని తలుపు దగ్గరి నుంచి ఇన్‌స్పెక్టర్ అడిగాడు.

వదినా అన్నాడంటే ఆప్యాయతతో అనుకునేరు. ఇన్‌స్పెక్టర్ మా ఆయన తమ్ముడు. ఇంట్లో నా చేతి వంట ఇష్టంగా తింటాడు. బయట నేను కనబడితే చెప్పులో రాయి పడ్డట్టు మొహం పెడతాడు. రెండు కేసుల్లో అతను పట్టుకొచ్చిన వాళ్లను నేను విడిపించాను, అదీ అతని బాధ.

"ఇంకా మొదలే కాలేదు నాయనా. నువ్వు కాసేపు నోరు కట్టుకో" అని మళ్లీ పొరలమ్మాయి వైపు తిరిగాను. "పలకలు లోపలికి ఎప్పుడు పెట్టారు?"

"రెండింటికండీ."

"ఆయన మాట వినబడింది మూడుంపావుకు. మామూలుగా పొర ఆరడానికి అయిదారు గంటలు పడుతుందని నువ్వే అన్నావు. మరి గంటలో ఆరిందంటే ఎలా నమ్మావు?"

"మేనేజరు గారు చెప్పారండీ. ఈ రోజు కొత్త మిశ్రమం, గంటలో ఆరిపోతుంది, సారు మాట వినబడగానే తలుపు వేసెయ్యి, దుమ్ము పోకూడదు అన్నారు."

"అదంతా ఆమె అల్లిన కథ" అన్నాడు మరిది. "మేనేజరు తను అలాంటిదేమీ చెప్పలేదంటున్నాడు. పెద్దాయన పోయింది అసిటోన్ ఆవిరికి, ఆ డబ్బా మీద ఈమె వేలిముద్రలున్నాయి. పోయిన వారం పలకలు పగలగొట్టిందని పెద్దాయన అందరి ముందూ తిట్టాడు. తలుపు తనే వేశానని తనే ఒప్పుకుంటోంది. నీకింకేం కావాలి?"

"ఆ డబ్బాతో రోజూ పలకలు కడుగుతానండీ" అంది పొరలమ్మాయి. ఆ మాటా ఎన్నోసారో మరి. గొంతులో ఆశ లేదు. ఎవరో అడిగారు గనక జవాబు చెబుతోంది, అంతే.

*

పని జరిగేది మూడు గదుల్లో, వరసగా. మొదటిది పొరలు పోసే గది. మధ్యలో ఆరబెట్టే గది, పొడుగ్గా, ఇరుగ్గా, కిటికీ అన్నది లేకుండా, ఎప్పుడూ వెచ్చగా ఉంటుంది. దాని అవతల పొరలు కోసే గది. పోసే గది వైపు తలుపు జానెడు మందం, లోపలి వైపు పిడి లేదు. పలకలు లోపలికి పోవాలి గానీ దుమ్ము పోకూడదని అలా కట్టించారట. లోపల మనిషి ఉన్నంతసేపూ దాన్ని కొక్కేనికి తగిలించి బెత్తెడు తెరిచి ఉంచుతారు. పొర ఆరాక లోపలి మనిషి ఇంటర్‌కమ్‌లో ఆ సంగతి చెబుతాడు. ఇవతలి వాళ్లు కొక్కెం తీసి తలుపు మూసేస్తారు. లోపలి మనిషి ఆరిన పలకలు తీసుకుని కోసే గదిలోకి వెళ్లిపోతాడు. ఏళ్ల తరబడి నడుస్తున్న పద్ధతి ఇది.

పిడి లేని తలుపంటే నాకు చిన్నప్పటి నుంచీ దడ. అందుకని ముందు చుట్టు తిరిగి కోసే గదిలోకి వెళ్లాను.

మేనేజరు అక్కడే ఉన్నాడు. పెద్ద సారుకు బావమరిది. మనిషి మర్యాదస్తుడు, నేను అడగకుండానే కుర్చీ జరిపాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి, ఏడ్చాడో నిద్ర లేదో నాకు తెలియలేదు.

"ఆ రోజు మూడుంపావుకు మీరెక్కడున్నారు?"

"ఇక్కడే మేడం. కత్తులు సరిచూసుకుంటున్నాను."

"మీ బావగారు లోపల ఇబ్బంది పడుతుంటే ఈ తలుపు చప్పుడు కాలేదా?"

"చిన్న చప్పుడు కూడా లేదు. పాపం, తలుపు దాకా రాకుండానే పడిపోయి ఉంటారు. ఈ తలుపు తెరిచే ఉంది కదా, వచ్చుంటే బతికిపోయేవారు."

తలుపు చూశాను. దీనికి రెండు వైపులా పిడి ఉంది. బయటి వైపు మాత్రం పైన ఒక గొళ్లెం కూడా ఉంది. దాని పక్కనే గోడకు స్విచ్చులు. ఒకటి లోపలి లైటుకు, ఒకటి ఆవిరి బయటికి లాగే ఫ్యానుకు.

"ఫ్యాను ఆగితే లోపలి వాళ్లకు ఎలా తెలుస్తుంది?"

"పచ్చదీపం ఉంటుంది మేడం. ఫ్యాను తిరిగినంతసేపూ వెలుగుతుంది." చెప్పి, వెంటనే "ఆ రోజు ఫ్యాను ఆగలేదు" అన్నాడు.

ఆగిందా అని నేనడగలేదు.

"మీకూ మీ బావగారికీ ఈ మధ్య ఏదో మాటపట్టింపు వచ్చిందట?"

"ఎవరన్నారు? పనిలో సవాలక్ష ఉంటాయి. తడి పొరను అసిటోన్‌తో తడిపితే నీళ్లను లాగేసుకుంటుంది, రోజుకు మూడింతల సరుకు తీయొచ్చు అన్నాను. ఆయన వద్దన్నారు. మందు ఒకచోట ముద్దకడుతుందని, ఒక పిల్లాడికి ఏమీ దక్కదు, ఇంకో పిల్లాడికి రెండింతలు పోతుందని ఆయన భయం. వద్దంటే మానేశాం. అంతే మేడం."

"మానేశారా?"

"మానేశాం" అన్నాడు. ఈసారి కుర్చీ జరపలేదు.

*

ఆరబెట్టే గదిలోకి నేనూ మరిదీ కోసే గది వైపు నుంచి వెళ్లాం. ఆ చివర పోసే గది తలుపును బెత్తెడు తెరిచి కొక్కేనికి తగిలించి, పొరలమ్మాయిని ఆ రోజు నిలబడ్డ చోటే నిలబెట్టమన్నాను. పోలీసమ్మ ఆమెకు కాపలా. ఫ్యాను గుయ్యిమంటోంది. ఇంటర్‌కమ్ పైన పచ్చదీపం వెలుగుతోంది. రెండు పక్కలా నడుము దాకా, ఆ పైన తల దాకా అరలు, వాటిలో అద్దపు పలకలు. ఇద్దరు ఎదురైతే ఒకరు పక్కకు ఒత్తిగిలాలి. ఒళ్లంతా చెమట పట్టింది. అది వేడి వల్లేనని మరిదికి చెప్పాను.

"పలకలు ఎవరూ కదిలించలేదు కదా?"

"లేదు. శవాన్నీ డబ్బానీ తప్ప ఏదీ ముట్టుకోలేదు. నా పని నాకు తెలుసు వదినా."

పై అరలోని పలక తీసి లైటుకెదురుగా పట్టుకున్నాను. పొర తేటగా ఉంది, అవతల మరిది మీసం కనబడింది. నేలకు దగ్గరగా ఉన్న కింది అరలోంచి ఇంకో పలక తీశాను. అది విరిగిన పాలలా తెల్లగా ఉంది. అంచులు పైకి లేచి, వేలు తగిలితే పెళుసుగా విరిగింది. కింది వరసలన్నీ తెలుపే. మోకాలి ఎత్తు దాటాక ఒక్కటీ తెల్లగా లేదు.

"ఇది చూశావా?"

"చూశాను. పాడైపోయిన సరుకు. అయితే ఏంటట?"

"అసిటోన్ ఆవిరి గాలికన్నా బరువు, నేల మీదే పరుచుకుంటుంది. అందుకే కింది వరసలు మాత్రమే తెల్లబడ్డాయి. కేసులో అసిటోన్ ఉందని విని, రసాయనశాస్త్రం చెప్పే నా స్నేహితురాలిని నిన్న రాత్రి నిద్ర లేపి మరీ అడిగాను. ఇప్పుడు నువ్వే చూడు."

హ్యాండ్‌బ్యాగులోంచి గోళ్లరంగు తుడిచే సీసా తీశాను. అందులో ఉండేదీ అసిటోనే. మరిది కళ్లెగరేశాడు. పై వరసలోని తేటపొర మీద నాలుగు చుక్కలు వేశాను. ఏమీ కాలేదు. చుక్కలు ఆరిపోయాయి, పొర ఎప్పటిలాగే తేటగా ఉంది. తర్వాత పోసే గదిలోంచి తెచ్చుకున్న గిన్నెలోని జిగురును ఒక పలక మీద పూసి, ఆ తడి మీద అవే చుక్కలు వేశాను. పడ్డ చోటల్లా చూస్తుండగానే తెల్లగా విరిగింది.

"పెక్టిన్ నీళ్లలోనే కరిగి ఉంటుంది. అసిటోన్ వచ్చి ఆ నీళ్లను లాగేస్తే ముద్దకట్టి తెల్లబడుతుంది. అదే ముందే ఆరిపోయిన పొరయితే లాగడానికి నీళ్లే ఉండవు, దానికేమీ కాదు. అర్థమైందా? అసిటోన్ ఒలికిన వేళకు ఇక్కడ పొరలన్నీ తడిగానే ఉన్నాయి."

"కొత్త మిశ్రమం అంటోందిగా ఆ పిల్ల. అందులోనే ఏదో కలిపి ఉంటే?"

"అదే మిశ్రమం పై అరల్లోనూ ఉంది. తేటగా ఉంది. కొత్తదనం మేనేజరు నోట్లో తప్ప పలక మీద లేదు."

మరిది గెడ్డం గోక్కున్నాడు. ఓడిపోతున్నప్పుడు వాళ్ల అన్నయ్యా అలాగే గోక్కుంటాడు.

"సరే, తడిగానే ఉన్నాయి. మరి పెద్దాయన ఆరిపోయిందని ఎందుకన్నాడు? కళ్లు కనబడవా?"

"బాగా కనబడ్డాయి. అందుకే అన్నాడు. ఏది ఆరిపోయిందో చెప్పలేదు, అంతే. మన మాటల్లో అది చెప్పకపోయినా సరిపోతుంది."

"వదినా, వ్యాకరణం క్లాసు ఇంట్లో పెట్టుకో."

"బట్ట ఆరుతుంది. పొర ఆరుతుంది. ఇంకా ఏమేం ఆరుతాయి?"

అతను తల తిప్పి ఇంటర్‌కమ్ పైన వెలుగుతున్న పచ్చదీపం వైపు చూశాడు.

"ఫ్యాను ఆగింది, దీపం ఆరిపోయింది" అన్నాను. "ఆవిరి పేరుకుంటుంది, ప్రమాదం అని ఆయన చెప్పబోయాడు. గంటలో పొర ఆరుతుందని ఆ పిల్ల చెవిలో ముందే ఊదిపెట్టారు గనక, ఆ మాట కోసమే ఎదురుచూస్తోంది. ఆయన కేకేస్తే తను తలుపేసింది. తర్వాత కుళాయి తిప్పి పలకలు కడుక్కుంటూ కూర్చుంది, తలుపు బాదినా వినబడదు. ఆయన ఇటువైపు పరిగెత్తుకొచ్చాడు. ఇటు గొళ్లెం. ఫ్యాను ఆపినవాడే, డబ్బా ఒంపినవాడే ఆ గొళ్లెం పెట్టాడు. శవాన్ని కనుక్కునే ముందు మళ్లీ తీశాడు."

మరిది గొంతు తగ్గించాడు. "ఈ సంగతి ఆ అమ్మాయికి చెప్పావా?"

చెప్పలేదు. ఆ ప్రశ్నకే నేను భయపడుతున్నాను. ఇంతవరకూ ఆ పిల్లకున్న ధైర్యం ఒక్కటే, పని పద్ధతిగా చేశాను, నా వల్ల ఏ తప్పూ జరగలేదని. నేను గెలిస్తే జైలు తప్పుతుంది. కానీ కాపాడమని పిలిచిన మనిషి మీద తలుపు మూసింది తన చెయ్యేనని తెలుస్తుంది. ఇందాక పచ్చదీపం సంగతి విన్నప్పటి నుంచీ నన్ను తినేస్తున్నది ఇదే. సంతోషించాల్సిన చోట మనసు మూలుగుతోంది.

"ముందు కేసు తేలనీ" అన్నాను. "ఈ తెల్లపలక ఒక్కటి పరీక్షకు పంపితే చాలు. గొళ్లెం మీద వేలిముద్రలు తీయించు."

"మేనేజరు మీద ఇంత పెద్ద మాట పలకల సాక్ష్యంతో..." అని అతను నవ్వబోయాడు.

నా వెనక క్లిక్కుమన్న చప్పుడయింది. చిన్నదే. అయినా అది గొళ్లెం చప్పుడని ఇద్దరికీ తెలిసింది. కోసే గది తలుపు మూసేశారు. మేనేజరు అవతల నిలబడి మేము మాట్లాడుకున్నదంతా విన్నాడన్నమాట. నా నోటి దురుసుతో నేనే అతనికి దారి చూపించాను.

మరిది తలుపు మీదికి భుజంతో దూకాడు. కదల్లేదు. తలుపు కింద సందులోంచి నేల మీదికి ఏదో తడి పాకింది. నా సీసాలోంచి వచ్చిన వాసనే, కాకపోతే వందరెట్లు. కళ్లు మండాయి. ఇంతలో గుయ్యిమనే మోత ఆగిపోయింది. లైటు పోయింది. గదంతా చీకటి.

అతని నడుం దగ్గర తోలు ఒర చప్పుడు విని చేతికందినచోట పట్టుకున్నాను. "పిస్తోలు తియ్యకు. ఈ ఆవిర్లో నిప్పు రవ్వ పడిందంటే పలకలూ మిగలవు, మనమూ మిగలం. వాడికి కావాల్సిందీ అదే."

"మరేం చెయ్యమంటావ్?"

"అటు. ఆ తలుపు."

గది ఆ చివర బెత్తెడు వెలుగు నిలువుగా కనబడుతోంది. పోసే గది తలుపు సందు. నేను అరలు తడుముకుంటూ అటు నడిచాను. మోచెయ్యి తగిలి పలకలు కింద పడి పగులుతున్నాయి. ఊపిరి తీస్తే గొంతులో మంట. తీయకపోతే గుండె ఆగేలా ఉంది. గోడలు రెండూ దగ్గరికొస్తున్నాయనిపించింది, రావడం లేదని తెలిసినా. మరిది నా వెనక లేడు. ఇంటర్‌కమ్ ఎక్కడుందో అతనికి గుర్తుంది, అటు వెళ్లాడు. వద్దని అరిచేలోపే బటన్ నొక్కాడు. ఆ బటన్‌లోంచి ఒక రవ్వ రాలితే ఈ కథ చెప్పడానికి నేనుండేదాన్ని కాదు.

రవ్వ రాలలేదు. కంగారులో అతను మైకు పెట్టె మీద నోరు పెట్టి అరిచాడు.

"ఎవరక్కడ, ఆరిపోయింది. ఇక్కడ ఆరిపోయింది."

అన్నాక గానీ తానేమన్నాడో అతనికి తెలియలేదు. నాకు తెలిసింది. ఎదురుగా బెత్తెడున్న వెలుగు సగమైంది. అవతల కొక్కెం తీసిన చప్పుడు. రోజూ చేసే పని, ఆ మాట చెవిన పడగానే చెయ్యి దానంతటదే కదులుతుంది. వెలుగు ఇంకా సన్నబడింది, గీతంత మిగిలింది. అరుద్దామనుకుంటే గొంతులోంచి దగ్గు తప్ప మాట రాలేదు.

గీత అక్కడ ఆగింది.

ఇంటర్‌కమ్‌లో పొరలమ్మాయి గొంతు వినబడింది. మెల్లగా, తప్పు చేస్తున్నానేమోనన్న భయంతో.

"ఏది ఆరిపోయింది సార్?"

రెండు రోజులుగా ఆమెను నువ్వు, ఏయ్ అని తప్ప పిలవని మా మరిది బదులిచ్చాడు. "దీపం తల్లీ. దీపం ఆరిపోయింది. తలుపు వెయ్యకు."

మందపాటి తలుపు మెల్లగా ఇటు తిరిగింది. వెలుగు ముందు నా చేతుల మీద, తర్వాత మొహం మీద పడింది. తలుపు అంచు పట్టుకుని పొరలమ్మాయి నిలబడి ఉంది. పోలీసమ్మ ఆమె వెనక ఈల ఊదుతూ బయటికి పరిగెత్తుతోంది. నేను దగ్గుతూ గడప మీద కూలబడ్డాను. నన్ను దాటుకుని మరిది బయటపడ్డాడు. మేనేజరును పట్టుకోవడానికి ఉరకాల్సిన మనిషి ఉరకలేదు, ఆ పిల్ల ఎదురుగా ఆగిపోయాడు.

ఆమె అతని వైపు చూడలేదు. లోపలి చీకటిలోకి చూస్తోంది. పెదవులు రెండు మూడుసార్లు కదిలాయి. ఆ రోజు విన్న మాటల్ని మళ్లీ ఒక్కొక్కటిగా విని చూసుకుంటోందని నాకు తెలుస్తోంది. ఆపడానికి నా దగ్గర ఏమీ లేదు.

"ఆ రోజు సారు చెప్పింది కూడా దీపం గురించేనా అండీ?" అంది.

ఆమె తలుపును వదల్లేదు. రెండు చేతులతో గట్టిగా పట్టుకుని, ఇంకా తెరుచుకునేది ఏమన్నా మిగిలుందేమో అన్నట్టు, గోడకు ఆనేదాకా నెట్టింది.